బోల్తా పడ్డ కారులోని గొంతు

మొదటి రోజంతా ఆమె చేత తిట్లే పలికించారు. నలభై తిట్లు కావాలన్నారు. ఒక్కొక్కటీ రెండు సెకన్లు మించకూడదు. అంతకంటే పొడుగైతే బండి వినికిడి దూరం దాటిపోతుంది.

ఆ గేములో ఒక మోటారు సైకిలు ఉంటుంది, ఒక హైవే ఉంటుంది, ఆ హైవే నిండా తమ దారిన తాము పోయే కార్లు, బస్సులు, లారీలు ఉంటాయి. ఆడేవాడు వాటి సందుల్లోంచి దూసుకుపోవాలి. వేగానికి పాయింట్లున్నాయి. అంతకు రెట్టింపు పాయింట్లు, పక్క వాహనానికి వెంట్రుకవాసి దూరంలో రాసుకుంటూ పోయినందుకు. పక్కవాడి గుండె ఎంత జారితే అంత బహుమానం అన్నమాట. ఆ గుండె జారినవాళ్ళకు గొంతులు కావలసి వచ్చాయి. అందుకని ఆమెను పిలిచారు.

డబ్బింగు పనిలో ఉన్నవాళ్ళు ఆమెను కేకలమ్మ అంటారు. సినిమాల్లో నాయికలు ప్రేమగా మాట్లాడే మాటలు ఎవరెవరో పలికేవారు. ఆ నాయికలే కొండమీంచి జారిపడేటప్పుడు మాత్రం ఈమెకు కబురు వచ్చేది. ముప్పై ఏళ్ళుగా ఎన్ని ప్రసవాలు, ఎన్ని అగ్నిప్రమాదాలు, ఎన్ని శవాల మీద పడి ఏడవడాలు ఆమె గొంతులోంచి వెళ్ళాయో లెక్క లేదు. తెరమీద ఆమె పేరు ఎన్నడూ పడలేదు. దానికి ఆమె బాధపడలేదు కూడా. కేక ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ చీలాలో, గొంతు చెడకుండా ఎంతసేపు నిలపవచ్చో ఆమెకు తెలుసు. యాభై నాలుగేళ్ళ వయసులో తనకు పూర్తిగా తెలిసిన విషయం అదొక్కటేనని ఆమె నమ్మకం.

"ఇంట్లో చెప్పొచ్చావా?" అని పలికింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" "చావడానికి నా బండే దొరికిందా?" "ఒరేయ్, అది రోడ్డా, నీ పెరడా?"

గాజుకు అవతల కూర్చున్న యువకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ హైవేను, దాని మీది ట్రాఫిక్‌ను తయారుచేసింది అతనే. అందరూ అతన్ని రోడ్డు బాబు అనేవారు. ఏ కారు ఎప్పుడు వరస మారాలో, ఏ లారీ ఎప్పుడు హఠాత్తుగా నెమ్మదించాలో అతని చేతిలోనే ఉంది. మర్యాదస్తుడు. ఆమె లోపలికి వస్తే లేచి నిలబడతాడు.

"మేడమ్, 'కళ్ళు నెత్తికెక్కాయా' మరీ పాతదేమో? ఇప్పటి పిల్లలకి ఎక్కుతుందా?"

"తిట్టు పాతదైతేనే నాయనా నోట్లో ఇట్టే తిరిగేది. కొత్త తిట్టు ఆలోచించుకునేలోపు నీ బండి ఊరు దాటిపోతుంది."

"అయితే ఉంచేద్దాం."

"వీలైతే దానికి తోడు ఒక దగ్గు పెడతాను. పెద్దావిడ కారు నడుపుతోందని తెలుస్తుంది."

రోడ్డు బాబు పక్కనే సౌండు ఇంజనీరు. అతన్ని మీటరు అంటారు. మనుషుల మొహాలు చూడడు. శబ్దం ఎంత ఎత్తుకు లేస్తోందో చూపే ఆకుపచ్చ గీతలనే చూస్తాడు. ఆ గీతలు ఎర్రగా మారకుండా కాపాడటమే తన ధర్మమనుకుంటాడు. పన్నెండేళ్ళుగా ఆ పనిలో ఉన్నాడు, కేకలు విని విని చెవులు పాడవుతాయని భయం. అందుచేత అరుపుల టేకు రాగానే చెవులకు పెట్టుకున్నవి మెడ మీదికి దించేసి, గీతల్ని బట్టి పని కానిచ్చేవాడు. అది తప్పు అని అతనికెవరూ చెప్పలేదు. గీతలు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు మరి.

రెండో రోజు రోడ్డు బాబు రాలేదు. ఆనాడు ప్రమాదాల పట్టిక. బండి కారును గుద్దితే కారు పల్టీ కొడుతుంది. అందులో ఉన్నవాళ్ళ అరుపులు కావాలి. ఆమె గదిలోంచే గేము చూడడానికి వీలుగా రెండు గదుల మధ్య గాజు మీద ఒక పెద్ద తెర తగిలించారు. ఆ తెర వల్ల ఆమెకు హైవే కనపడింది; మీటరు కనపడలేదు. మీటరుకు ఆమె కనపడలేదు.

గది ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు. గోడలకు బూడిదరంగు మెత్తలు. తలుపు జానెడు మందం, దానికి లోపలివైపు ఒక ఇనప పిడి. తలుపు పడిందంటే ఆమె ఊపిరి ఆమెకే వినిపించేంత నిశ్శబ్దం. ఈ గదులు ఆమెకు కొత్తవి కావు. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఒక చిన్న పని చేసేది: తలుపు పూర్తిగా పడకముందే పిడి తిప్పి, తిరుగుతోందని చూసుకునేది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ రోజు చేతిలో కాగితాలూ నీళ్ళ సీసా ఉండటంతో చూసుకోలేదు.

ఇరవై మూడో టేకుకు కాగితం మీద ఇలా రాసి ఉంది: "కారు బోల్తా. లోపల స్త్రీ. తలుపు తెరుచుకోదు. సహాయానికి కేకలు. మాటలు కళాకారిణి ఇష్టం. ఎంతసేపైనా."

ఆమె నిమిషం పాటు పద్ధతిగా అరిచింది. చాలనుకుంది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. పిడి పట్టుకుని తిప్పింది. అది ఏ పట్టూ లేకుండా గుండ్రంగా తిరిగి, మళ్ళీ మొదటికే వచ్చింది.

మైకు వైపు తిరిగి, మామూలుగానే అంది. "నాయనా, తలుపు రావట్లేదు."

కేకలు ఆగాయని చెవులవి మళ్ళీ పెట్టుకున్న మీటరు గొంతు గోడలోని చిన్న స్పీకరులోంచి వచ్చింది. "బాగుందమ్మా. కొంచెం భయం పెంచండి."

"అది కాదయ్యా. తలుపు తెరుచుకోవట్లేదు. ఒకసారి వచ్చి తియ్యి."

"సూపరు. అలాగే పోనివ్వండి. నేను మధ్యలో మాట్లాడను." అతను చెవులవి మెడమీదికి దించుకున్నాడు.

ఆ తర్వాత పది నిమిషాలు గడిచాయి. తెర మీద హైవే సాగుతూనే ఉంది. ఎవరూ ఆడించకపోయినా బండి తనంత తాను పోతూ, కార్లను రాసుకుంటూ, పాయింట్లు పోగేసుకుంటూ ఉంది. ఆమె పిడిని రెండు చేతులా లాగింది. మెత్తల్ని గుద్దింది, గుద్దిన చప్పుడు ఆమెకే సరిగా వినిపించలేదు. స్పీకరు ఉన్న మూలకు మొహం ఆనించి పిలిచింది. కాగితం మీద ఏం రాసి ఉందో ఆమెకు అప్పుడు గుర్తు వచ్చింది. అరిచిన కొద్దీ తాను పని చక్కగా చేస్తున్నట్టే లెక్క అని అర్థమైంది. ఇక ఏ మాట అన్నా అది ఆ కాగితంలో ఇమిడిపోతుంది.

అప్పుడు ఆమెలోంచి వేరే గొంతు వచ్చింది. గొంతు చెడకుండా కాపాడుకునే కేక అది కాదు. అది ఇరవై ఏళ్ళ కిందటిది, మెట్లకింద సామాన్ల గదిది.

"ఏవండీ... ఏవండీ, తలుపు తియ్యండి. ఇంకెప్పుడూ చెయ్యను. ఏవండీ, మీకు దణ్ణం పెడతాను, తియ్యండి."

భర్త ఆమెను ఆ గదిలో పెట్టి గడియ వేసేవాడు. కొట్టేవాడు కాదు, తానెన్నడూ ఆడదాని మీద చెయ్యి చేసుకోలేదని నలుగురిలో చెప్పుకునేవాడు, అది నిజం కూడా. కూర ఆలస్యమైతే ఒక గంట. రికార్డింగు నుంచి చీకటిపడ్డాక వస్తే ఒక పూట. బయట డబ్బు తీసుకుని అరిచే మనిషి ఇంట్లో ఊరికే ఎలా అరుస్తుందో చూద్దామని ఒకసారి నవ్వుతూ అన్నాడు. ఇంకెప్పుడూ చెయ్యనని ఆమె ప్రతిసారీ ఒప్పుకునేది. ఏం చెయ్యదో ఆమెకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. బిడ్డకు ఆరేళ్ళప్పుడు ఆ ఇల్లు వదిలి వచ్చింది. ఆ మాటలు ఆ గదిలోనే ఉండిపోయాయనుకుంది.

మీటరు గీతలు పడిపోవడం చూసి లేచి వచ్చి తలుపు తీశాడు. బయటి పిడి మామూలుగానే తిరిగింది. ఆమె నేల మీద కూర్చుని ఉంది.

"అయిపోయిందా అమ్మా? అబ్బ, పదకొండు నిమిషాలు! ఇంతసేపు ఎవరూ ఇవ్వలేదు. ఉండండి, కొంచెం వింటాను." అక్కడే నిలబడి, గదిలోని స్పీకర్లలో చివరి ముప్పై సెకన్లు పెట్టాడు. విన్నాడు. అతని చేతుల మీది రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అవి ఆమెకు చూపించాడు. "చూడండి! ఎలా చేశారమ్మా ఇది?"

తలుపు పాడైందని చెప్పవలసింది అప్పుడే. ఆ ఒక్క మాటతో అయిపోయేది. కానీ ముప్పై ఏళ్ళుగా ఆమె ఏ గదిలోనూ తడబడలేదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఊపిరాడక బయటికి పరుగెత్తితే వాళ్ళ వీపు నిమిరి, "ఏముందే ఇందులో, నాలుగు గోడలు" అని పంపించింది తానే. ఇప్పుడు తాను నేలమీద కూర్చుని ఉంటే, ఎదురుగా నిలబడ్డ మనిషి మెచ్చుకుంటున్నాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుంది.

"అనుభవం నాయనా," అంది.

టేకుల పట్టిక తెచ్చాడు. ప్రతి టేకుకూ ఎదురుగా నటి సంతకం ఉండాలి. సంతకం ఉన్నది సంస్థ సొత్తు. ఇరవై మూడో గడిలో "నటన, ఆమోదం" అని రాసి ఉన్నచోట ఆమె సంతకం పెట్టింది. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ పిడి కాస్త వదులుగా ఉంది, చూసుకో," అంది. అతను సరేనన్నాడు.

మూడు వారాల తర్వాత మిగిలిన నాలుగు తిట్లకు పిలిచారు. రోడ్డు బాబు లేచి నిలబడి, కుర్చీ లాగి, "మేడమ్, మీరే మొదట చూడాలి," అని తాను ఆడి చూపించాడు.

ఆమె అంతవరకు పలికిన తిట్లన్నీ హైవే మీద ఉన్నాయి. ఎర్రకారు పక్కనుంచి పోతే "ఇంట్లో చెప్పొచ్చావా?" అంది. పెద్దావిడ దగ్గింది. ఆమె నవ్వబోయింది. అంతలో రోడ్డు బాబు వేలు జారిందో, కావాలనే చేశాడో, బండి ఒక తెల్లకారును గుద్దింది. కారు రెండు పల్టీలు కొట్టి తలకిందులుగా పడింది.

"ఏవండీ, తలుపు తియ్యం..."

అంతే. ఒకటిన్నర సెకను. ఆలోపు బండివాడు దుమ్ము దులుపుకుని మళ్ళీ రోడ్డు మీద ఉన్నాడు. కారు వెనకపడిపోయింది, గొంతు తెగిపోయింది.

"విన్నారా?" రోడ్డు బాబు మొహం వెలిగిపోతోంది. "మొత్తం గేములో ఇదే గొప్ప చోటు. ఒక్క 'ఏవండీ'తో పక్క సీట్లో భర్త ఉన్నాడని తెలిసిపోయింది! ఒక కుటుంబమంతా కళ్ళకు కట్టింది. ఇది మేం రాయలేదు, మీరే పుట్టించారు. ఇప్పుడు అన్ని తెల్లకార్లకూ ఇదే పెట్టాను. ముందుగా ఆడి చూడమని నాలుగు వేలమందికి వదిలాం. ఇది వినడానికే కొంతమంది కావాలని తెల్లకార్లని గుద్దుతున్నారు."

"కావాలనా?"

"అవునండీ. అంత బాగుంది."

ఆమె కుర్చీలోంచి లేచింది. "దాన్ని తీసెయ్యి బాబూ. నాకు నచ్చలేదు. ఇంకోటి ఇస్తాను," అంది.

రోడ్డు బాబు మీటరు వైపు చూశాడు. మీటరు గీతల వైపు చూశాడు.

"ఇంతకంటే బాగా ఇస్తే తప్పకుండా మారుస్తాను మేడమ్. నాకేం పట్టింపు లేదు."

ఆమె గదిలోకి వెళ్ళింది. పిడి కొత్తది వేశారు; రెండుసార్లు తిప్పి చూసుకుంది. తలుపు పడింది. అరిచింది. తెలిసిన విద్యంతా వాడింది: కేకను అడుగునుంచి లేపింది, మధ్యలో చీల్చింది, చివర గుటక వేసింది. ఇరవై ఆరు సార్లు. ప్రతిసారీ స్పీకరులోంచి అదే మర్యాదగల గొంతు. "చాలా బాగుంది మేడమ్. కానీ... అది రాలేదు." ఇరవై ఏడోసారికి గొంతులో రక్తం రుచి తగిలింది. తన దొంగ కేకలకు తన నిజమైన కేక అందనంత ఎత్తులో ఉందని, దాన్ని ఓడించాలంటే మళ్ళీ ఆ గదిలో పడి అలా అరవడం తప్ప దారి లేదని ఆమెకు తెలిసిపోయింది. బయటికి వచ్చింది.

"ఊరికే అడుగుతున్నాను నాయనా," అని మీటరుతో విడిగా అంది. "సంతకం పెట్టిన టేకును వెనక్కి తీసుకోవచ్చా?"

"నచ్చలేదంటే కుదరదమ్మా. పొరపాటున పడిన చప్పుడైతే కొట్టెయ్యచ్చు. దగ్గు, కుర్చీ పడటం, యంత్రం చెడిపోవడం, అలాంటివి. అది నటన కాదని కళాకారులే పట్టిక మీద స్వహస్తంతో కారణం రాయాలి. ఆ పట్టిక పై ఆఫీసుకు పోతుంది, గొంతులు కుదిర్చే ఏజెంట్లందరికీ నకలు పోతుంది." అతను మొదటిసారి ఆమె మొహం చూశాడు. "ఎందుకమ్మా?"

"ఏం లేదు."

నకలు ఎవరెవరికి పోతుందో ఆమె దారి పొడుగునా ఆలోచించింది. కేకలమ్మ గదిలో బిక్కచచ్చిపోయిందని తెలిస్తే ఎవరు పిలుస్తారు? ఆమె పనంతా ఆ నాలుగు గోడల మధ్యే. రాస్తే గదులు పోతాయి. రాయకపోతే ఆ సామాన్ల గది హైవే మీద తెల్లకారై తిరుగుతూ ఉంటుంది, ఎవడికి సరదా పుడితే వాడు గుద్ది వింటాడు.

ఇంటికి వచ్చేసరికి కూతురు అప్పటికే వచ్చి ఉంది. ఆమె కూతురు పళ్ళు తయారుచేస్తుంది. దంతవైద్యులు పంపిన అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళు చెక్కే ప్రయోగశాలలో ఉద్యోగం. నాలుగింటికే ఎప్పుడూ ఇల్లు చేరదు. చెప్పులు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమే, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది." కొంచెం ఆగింది. "అమ్మా, నువ్వు ఈమధ్య గొంతిచ్చింది బండి పందెం గేముకేనా?"

"అవును. తిట్లు. ఎందుకు?"

"మా పక్కబల్ల అతను భోజనాల వేళ ఫోనులో ఆడుతున్నాడు. తిట్లు విని, మా అమ్మే అని అందరికీ చెప్పాను. నవ్వుకున్నాం. తర్వాత వాడు ఒక కారుని గుద్దాడు."

ఆమె పొయ్యి వైపు తిరిగి గిన్నె పెట్టింది. గిన్నెలో ఏమీ లేదు.

"అమ్మా, ఇటు తిరుగు. అది డబ్బింగు కాదు కదా?"

"డబ్బింగు కాకపోతే ఏమిటే? ఇరవై మూడో టేకు. సంతకం పెట్టాను."

"నాతో కూడా అబద్ధమేనా?"

"నీకేం తెలుసు? నువ్వప్పుడు ఇంత పిల్లవి."

"స్టూలు తెచ్చాను," అంది కూతురు.

ఆమె తిరిగింది.

"వంటింట్లోంచి స్టూలు ఈడ్చుకొచ్చాను. దానిమీద ఎక్కాను. గడియ అందలేదు. ఇంకా ఇంత దూరం ఉంది." కూతురు బొటనవేలూ చూపుడువేలూ ఎడంచేసి చూపించింది. పళ్ళు చెక్కే చెయ్యి అది, కొలత తప్పదు. "అప్పుడు నువ్వు 'ఏవండీ' అంటున్నావు. నాన్న వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు నాకు వినిపించింది. నేను దిగి, స్టూలు ఎక్కడిది అక్కడ పెట్టేశాను. పెట్టకపోతే తిడతాడని."

ఆ ఇంటి గురించి వాళ్ళిద్దరూ ఇరవై ఏళ్ళలో ఒక్కమాట మాట్లాడుకోలేదు. కూతురికి గుర్తులేదని తల్లి నమ్మింది. గుర్తుందని తెలిస్తే తల్లి తట్టుకోలేదని కూతురు నమ్మింది. ఇద్దరూ ఎంతో శ్రద్ధగా ఆ నమ్మకాన్ని కాపాడుకున్నారు.

"నేను లేచి బయటికి వచ్చేశాను అమ్మా. వాడు మళ్ళీ ఇంకో తెల్లకారు గుద్దాడు. బాగుందిరా అంటున్నాడు. వాడు మంచివాడే. వాడికేం తెలుసు."

"అక్కడ తలుపు పిడి చెడిపోయింది," అంది ఆమె చివరికి. "అడిగితే నటిస్తున్నాననుకున్నారు."

"మరి బయటికొచ్చాక చెప్పలేదా?"

కూతురు వచ్చి ఖాళీ గిన్నె కింద పొయ్యి ఆపేసింది.

మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్ళి మీటరును టేకుల పట్టిక అడిగింది. అతను తెచ్చాడు. ఇరవై మూడో గడిని అడ్డంగా కొట్టేసి, ఆమె పక్కన రాయడం మొదలుపెట్టింది. ఆమె దస్తూరీ గుండ్రంగా, తీరుగా ఉంటుంది.

"ఇది నటన కాదు. లోపలి పిడి చెడి తలుపు తెరుచుకోలేదు. తలుపు తీయమని రెండుసార్లు మామూలు గొంతుతో చెప్పాను. ఇంజనీరు దాన్ని నటన అనుకుని, ఇంకా భయం కావాలని అడిగి, వినడం మానేశాడు. పది నిమిషాలు సహాయం కోసం అరిచాను. బయటికి వచ్చాక సిగ్గుపడి, నటన అని అబద్ధం సంతకం పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

మీటరు ఆమె భుజం మీంచి చదువుతున్నాడు. "అమ్మా, అమ్మా, ఆగండి. వినడం మానేశాడని రాశారు. నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"పిడి చెడింది, అంతవరకు రాయండి. చాలదా? నేనెక్కడ కావాలని చేశాను? మీరు బయటికొచ్చి ఒక్క మాట అన్నా..."

"అనలేదు. అది కూడా రాశాను, చూడు. నా తప్పు నా పక్కన, నీ తప్పు నీ పక్కన ఉన్నాయి. కిందది నా సంతకం."

"నేను మీటరు చూస్తూనే ఉన్నానమ్మా! ఒక్క క్షణం కూడా కళ్ళు తిప్పలేదు!"

"నాకు తెలుసు నాయనా."

రోడ్డు బాబు వచ్చి చదివాడు. రెండుసార్లు చదివాడు. కూర్చున్నాడు. అతని మొహంలో నిజమైన బాధే ఉంది. ఆమె దాన్ని కాదనలేదు.

"మేడమ్, నాకు తెలియదు. నిజంగా తెలియదు." కొంతసేపు కాగితాన్ని చూశాడు. "అందుకే అంత బాగుందన్నమాట," అన్నాడు నెమ్మదిగా. అతను తిరుగులేని మర్యాదస్తుడు. ఆ మాట అన్నది తానేనని అతనికి తెలిసినట్టు లేదు.

ఆమె అతని వైపు చూసింది.

"ఇప్పుడు తీసెయ్యి," అంది. "నా ఎదురుగా."

"దాని బదులు ఏం పెట్టాలి?"

"నీ ఇష్టం. నాది మాత్రం కాదు."

అతను కొన్ని మీటలు నొక్కాడు. ఆడి చూపించమంది. బండి హైవే ఎక్కింది. ఎర్రకారు తిట్టింది, పెద్దావిడ దగ్గింది. బండి తెల్లకారును గుద్దింది. కారు రెండు పల్టీలు కొట్టి తలకిందులైంది. రేకు నలిగిన చప్పుడు, అద్దం పగిలిన చప్పుడు. లోపలినుంచి ఏమీ రాలేదు. బండివాడు దుమ్ము దులుపుకుని ముందుకు పోయాడు.

"లోపల ఎవరూ లేనట్టుంది," అన్నాడు రోడ్డు బాబు.

"ఇంకోటి గుద్దు."

గుద్దాడు. ఏమీ రాలేదు.

"ఇంకోటి."

అయిదు తెల్లకార్లు అయ్యేదాకా ఆమె నిలబడి విన్నది. తర్వాత పట్టిక మీద తేదీ వేసి, అతని చేతా ఒక సంతకం పెట్టించి, నకలు ఒకటి తీసుకుని మడిచి సంచిలో పెట్టుకుంది. మీటరు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఆమె అతని పక్కనుంచే బయటికి వచ్చింది, ఏమీ అనలేదు. అనవలసినదంతా రాసి ఉంది.

ఆ వారం ఒక్క పిలుపు కూడా రాలేదు. పై వారం గొంతులు కుదిర్చే ఏజెంటు ఫోను చేసింది. ఇద్దరికీ పాతికేళ్ళ పరిచయం. ఏజెంటు ఆమెను అక్కా అనే పిలుస్తుంది. కూతురు బల్ల దగ్గర కూర్చుని వింటోంది. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది.

"అక్కా, ఏమిటి ఆ పట్టిక? ఊరంతా అదే కబురు. కేకలమ్మకి గది పడట్లేదట అంటున్నారు. నేను కొట్టిపారేశాను. మా అక్క సంగతి నాకు తెలీదా, నాలుగు గోడలు ఆవిణ్ణి ఏం చేస్తాయన్నాను. వచ్చే సోమవారం ఒక దయ్యం సినిమా ఉంది, మూడు రోజులు. ఒక్కమాట చెప్పు, అదేదో గేమువాళ్ళతో గొడవపడి కోపంతో రాశాను అని. మిగతాది నేను చూసుకుంటాను."

చెప్పడానికి ఎంతో సుళువైన మాట. గొంతు కూడా దానికి సిద్ధంగానే ఉంది. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ తేలిగ్గా విసుక్కోవాలో ఆమెకు తెలుసు. కూతురు తల ఎత్తలేదు. బల్ల అంచును గోటితో గీరుతోంది.

"పడదు," అంది ఆమె.

"ఏమిటీ?"

"గది నాకు పడదు. ఇరవై ఏళ్ళుగా పడదు. పిడి పట్టి చూసుకుని వెళ్ళేదాన్ని. నీకు చెప్పలేదు."

ఏజెంటు గొంతు తగ్గించింది. "అక్కా, అలా అనేస్తే నేనేం చెయ్యను? సోమవారానికి ఇంకొకర్ని చూసుకోవాలి మరి."

"చూసుకో."

"తర్వాత నన్ననకు."

"అనను."

ఫోను పెట్టేసింది. సోమవారం, మంగళవారం, బుధవారం ఖాళీ. ఆ తర్వాతివి కూడా ఖాళీయే అయి ఉంటాయి.

"ఇప్పుడేం చేస్తావమ్మా?" అని కూతురు అడిగింది.

"తెలీదు," అంది ఆమె. "కూర్చోనీ కాసేపు."